మాల్‌ఖానాల్లో మగ్గిపోతున్న హార్డ్ డిస్కుల గురించి కూడా కాస్త రాయండి సర్

ఎడిటర్ గారికి నమస్కారం,

కొత్త చట్టాలు వచ్చిన దగ్గర్నుంచి డిజిటల్ సాక్ష్యాల గురించి పేపర్లలో బాగా రాస్తున్నారు, ఫోన్లు, వాట్సాప్ చాట్లు, సీసీ కెమెరాలు, టవర్ లొకేషన్లు అన్నీ వస్తున్నాయి, మంచిదే. కానీ పాత కంప్యూటర్ల గురించి ఒక్కరూ రాయట్లేదు. ఎప్పుడో ఇరవై ఏళ్ల కింద సీజ్ చేసిన సీపీయూలు, ఫ్లాపీలు, సీడీలు ఇంకా స్టేషన్ మాల్‌ఖానాల్లో, అంటే సీజ్ చేసిన సామాను దాచే గదుల్లో, కోర్టు ప్రాపర్టీ రూముల్లో పడి ఉన్నాయి. మన దగ్గర ఒక కేసు ఎంత కాలం నడుస్తుందో మీకు నేను చెప్పక్కర్లేదు, కేసు బతికే ఉంటుంది గానీ అందులో సాక్ష్యంగా పెట్టిన డిస్క్ ఎప్పుడో పోయి ఉంటుంది, పోయిందన్న సంగతి ట్రయల్లో సీలు విప్పే రోజు దాకా ఎవరికీ తెలీదు.

నేను సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చినాయ్ ట్రేడ్ సెంటర్, అదే మనందరం సీటీసీ అంటామే, అక్కడ పని నేర్చుకుని ఆ దగ్గర్లోనే షాపు పెట్టుకుని డేటా రికవరీ చేస్తుంటాను. ఫోరెన్సిక్ ఎక్స్‌పర్ట్‌ని కాదు, కోర్టులో నిలబడి రిపోర్టు ఇచ్చే హోదా నాకు లేదు, ఆ పని రామంతాపూర్‌లోని కేంద్ర ఫోరెన్సిక్ ల్యాబ్ సీఎఫ్ఎస్ఎల్ వాళ్లది, రెడ్‌హిల్స్‌లోని రాష్ట్ర ఫోరెన్సిక్ ల్యాబ్ ఎఫ్ఎస్ఎల్ వాళ్లది. కాకపోతే లాయర్లు, ఆడిటర్లు, పార్టిషన్ గొడవల్లో ఉన్న కుటుంబాలు, ఒక్కోసారి ప్రైవేటు ల్యాబుల కుర్రాళ్లు "అన్నా ఈ కేబుల్ నీ దగ్గరుందా, ఈ కార్డు ఉందా" అని వస్తుంటారు, పాత సరుకు పారేయకుండా దాచుకున్న వాళ్లు మార్కెట్లో తక్కువైపోయారు కాబట్టి. ఆ చూసిన దాంట్లోంచి చెప్తున్నా. పాత మెషిన్లలో సాక్ష్యం ఎక్కువగా పోయేది సీజ్ చేసిన రోజుకీ కాపీ తీసిన రోజుకీ మధ్యలోనే. ఆ మధ్య కాలం మన దగ్గర నెలలు, ఒక్కోసారి ఏళ్లు.

సీజ్ చేసేటప్పుడు ఏం చేస్తారో చూడండి. మధ్యవర్తుల్ని పిలుస్తారు, పంచనామా రాస్తారు, సీపీయూని తెల్లగుడ్డలో చుట్టి దారం కట్టి లక్కతో సీలు వేసి సంతకాల చీటీ అంటిస్తారు. కత్తికీ, రక్తం అంటిన చొక్కాకీ ఇది సరిపోతుందేమో గానీ హార్డ్ డిస్క్‌కి కాదు. గుడ్డ తేమ పీలుస్తుంది, రెండు వానాకాలాలు గడిస్తే చాలు, లోపల బోర్డు మీద పచ్చగా చిలుము పడుతుంది. 386, 486 బోర్డుల మీద నీలం రంగు పీపాలాంటి బ్యాటరీ ఒకటి సోల్డర్ చేసి ఉండేది, అది కారిందంటే చుట్టుపక్కల రాగి గీతల్ని తినేస్తుంది. డిస్క్ సంగతి ఇంకా ఘోరం, ఆ రోజుల్లో చాలా డ్రైవుల్లో కరెంటు ఆగితే రీడింగ్ హెడ్ వచ్చి కూర్చునేది ప్లాటర్ మీదే, అంటే డేటా ఉండే గుండ్రటి పలక మీదే, ఏళ్ల తరబడి తిరక్కపోతే అది ఆ పలక మీద పూతకి అతుక్కుపోతుంది, మోటార్ బేరింగుల్లో గ్రీజు గట్టిపడుతుంది, కరెంటు ఇస్తే సన్నగా మూలిగి ఆగిపోతుంది. అప్పుడు కంగారుపడి పదిసార్లు ఆన్ ఆఫ్ చేసినా, ఎవరో యూట్యూబ్‌లో చెప్పారని ఫ్రిజ్‌లో పెట్టినా, ఇంక దాని మీద ఆశ వదులుకోవాల్సిందే.

దీనికన్నా పెద్ద నష్టం ఇంకోటుంది, మంచి ఉద్దేశంతో చేసేది. "పని చేస్తుందో లేదో చూద్దాం" అని ఆన్ చేయడం. విండోస్ 98 మెషిన్ ఒకటి తెచ్చారనుకోండి, సీజ్ చేసిన రోజు వైరు పీకేసి ఉంటారు, షట్‌డౌన్ చేసి ఉండరు. ఇప్పుడు ప్లగ్ పెట్టి బటన్ నొక్కగానే నీలం స్క్రీన్ మీద స్కాన్‌డిస్క్ తనంతట తనే మొదలవుతుంది, విండోస్ సరిగ్గా మూయలేదు కాబట్టి డిస్క్ చెక్ చేస్తున్నా అంటుంది. అది ఉత్తినే చెక్ చేసి ఊరుకోదు సర్, ఎటూ చెందకుండా తెగిపోయి ఉన్న ముక్కలు దొరికితే వాటిని ఫైల్0001 డాట్ సీహెచ్‌కే అని కొత్త పేర్లు పెట్టి ఫైళ్లుగా రాసేస్తుంది, లేదా ఖాళీ చేసేస్తుంది. సగం డిలీట్ అయిన లెడ్జర్ ముక్క అందులోనే ఉండి ఉండొచ్చు. ఆ తర్వాత విండోస్ లేచేటప్పుడు రిజిస్ట్రీ రాస్తుంది, స్వాప్ ఫైల్ రాస్తుంది, టెంప్ ఫైళ్లు రాస్తుంది, యాంటీవైరస్ ఉంటే ప్రతి ఫైలునీ తెరిచి చూసి చివరగా తెరిచిన తేదీ మార్చేస్తుంది. ఆన్ చేసినాయన చేసిందల్లా ఒక్క బటన్ నొక్కడం, మౌస్ కూడా ముట్టుకోలేదు, కానీ లోపల వందల చోట్ల రాత మారిపోయింది. రేపు డిఫెన్స్ లాయరు లేచి ఈ ఫైళ్లకి సీజ్ తర్వాతి తేదీలు ఎలా వచ్చాయండీ అని అడిగితే పాపం ఆ ఎస్సై ఏం చెప్తాడు.

ఇది నేను ఊహించి చెప్పడం లేదు. 2001 డిసెంబర్ 13న పార్లమెంట్ మీద దాడి జరిగిందిగా, ఆ కేసులో శ్రీనగర్లో ఒక ల్యాప్‌టాప్ పట్టుకున్నారు, అందులో దొంగ ఐడీ కార్డుల ఫైళ్లు దొరికాయి. దాన్ని పరీక్షించిన ఇద్దరు నిపుణుల్లో ఒకరు మన హైదరాబాద్ నుంచే, ప్రభుత్వ క్వశ్చన్డ్ డాక్యుమెంట్స్ పరీక్షకుల విభాగం మనిషి. కొన్ని ఫైళ్ల మీద సీజ్ తర్వాతి తేదీలు కనబడ్డాయి, డిఫెన్స్ వాళ్లు దాన్నే పట్టుకున్నారు, అవి మెషిన్ తనంతట తను రాసుకునే సిస్టమ్ ఫైళ్లు అని నిపుణుడు చెప్తే 2005లో సుప్రీంకోర్టు ఒప్పుకుంది. అక్కడ వివరించడానికి మనిషి ఉన్నాడు, కోర్టు విన్నది, సరే. ఒక మండలం స్థాయి చీటింగ్ కేసులో అంత ఓపిగ్గా ఎవరు వివరిస్తారు, ఎవరు వింటారు?

తేదీల గొడవ మొదలుపెట్టాను కాబట్టి ఇంకో ముక్క. పాత మెషిన్లలో గడియారం బటన్ బ్యాటరీ మీద నడుస్తుంది, బ్యాటరీ అయిపోతే టైమ్ వెనక్కి పోతుంది, డాస్ మెషిన్లు చాలా వరకు 1980 జనవరి 1కి పోయేవి. బ్యాటరీ పోయిన మెషిన్ మీద ఆఫీసులో క్లర్కు రోజూ ఎంటర్ కొట్టి తేదీ దాటేసి పని చేసుకుంటూ ఉంటాడు, అందుకే 2002లో చేసిన ఎంట్రీ ఫైలుకి 1980 తేదీ ఉంటుంది. తెలియనివాళ్లు దాన్ని చూసి ఫైలే దొంగదంటారు. పైగా డిస్కులో ఫైళ్ల లెక్క రాసుకునే ఆ పాత ఫ్యాట్ పద్ధతిలో టైమ్ అంతా లోకల్ టైమే, ఏ టైమ్ జోన్ అనే ఊసే ఉండదు, సెకన్లు రెండేసి రెండేసి కడుతుంది, చివరగా తెరిచింది ఎప్పుడంటే తేదీ మాత్రమే ఉంటుంది, గంట నిమిషం ఉండవు. ఈరోజు సాఫ్ట్‌వేర్లో పెట్టి చూస్తే రిపోర్టులో మాత్రం గంట నిమిషం సెకను నీట్‌గా ప్రింట్ అయి వస్తాయి, అది చూసి సాయంత్రం ఇన్ని గంటలకి ముద్దాయి ఈ ఫైలు తెరిచాడు అని రాసేస్తారు. దీనికి మందు చిన్నదే. సీజ్ చేసే రోజు డిస్క్ వైరు తీసేసి మెషిన్ ఆన్ చేసి బయోస్‌లోకి, అంటే విండోస్ కన్నా ముందు వచ్చే సెట్టింగుల స్క్రీన్‌లోకి వెళ్లి అక్కడ చూపిస్తున్న టైమ్, మన చేతి గడియారం టైమ్ రెండూ పంచనామాలో రాయాలి, ఆ ఒక్క లైను ఉంటే తర్వాత లెక్క కట్టుకోవచ్చు. నేను చూసిన పంచనామాల్లో మానిటర్ రంగు, మౌస్ కంపెనీ పేరు ఉన్నాయి, ఈ లైను లేదు.

ఇక సామాను సంగతి. లాయరు గారు డిస్క్ తెచ్చి టేబుల్ మీద పెట్టి "యూఎస్‌బీ తగిలిస్తే వచ్చేస్తుందిగా" అంటారు. ఐడీఈ డిస్క్, అంటే పాత పీసీల్లో వెడల్పాటి రిబ్బన్ కేబుల్‌తో తగిలేది అయితే నలభై పిన్నులు, అందులో ఒకటి వంగి ఉంటుంది, దాన్ని సన్న ట్వీజర్‌తో నిలబెట్టాలి, జంపర్ మాస్టర్‌లో ఉందో స్లేవ్‌లో ఉందో చూడాలి. మూడు నాలుగొందలకి దొరికే యూఎస్‌బీ అడాప్టర్లు బాగా పాత డిస్కుల్ని అసలు గుర్తుపట్టవు, ఎందుకంటే ఎల్‌బీఏ అనే వరస నంబర్ల పద్ధతి రాకముందు డిస్కులు సిలిండర్, హెడ్, సెక్టార్ లెక్కన మాట్లాడతాయి, అడాప్టర్‌కి ఆ భాష రాదు. అప్పుడు పాత మదర్‌బోర్డే కావాలి. ఇంకా వెనక్కి, ఎనభైల నాటి ఎంఎఫ్ఎం డిస్కులకి పోతే అసలు ఏ కంట్రోలర్ కార్డుతో రాశారో అలాంటి కార్డే కావాలి, డిస్క్ ఒకటే సీజ్ చేసి కార్డు ఉన్న డబ్బా అక్కడే వదిలేసి వస్తే ఏం లాభం. సర్వర్లలో వాడే స్కజీ డిస్క్ అంటే యాభై పిన్ను, అరవై ఎనిమిది పిన్ను, ఎనభై పిన్ను, చివర టెర్మినేటర్. కంపెనీల బ్యాకప్ టేపులైతే ఆ టేపు చదివే డ్రైవు కూడా తేవాలి, ఈమధ్య ఎల్‌టీఓ టేపులే చూడండి, ఎల్‌టీఓ-8 డ్రైవు ఒక తరం వెనక్కి మాత్రమే చదువుతుంది, అంతకు ముందువి చదవదు. బోర్డు కాలిపోయిందంటే అదే మోడల్ బోర్డు ఇంకోటి వెతికి మార్చాలి, కాస్త కొత్త డిస్కుల్లో అదీ కుదరదు, ఎనిమిది కాళ్ల చిన్న రోమ్ చిప్ ఉంటుంది, ఆ డిస్క్ సొంత లెక్కలన్నీ అందులోనే ఉంటాయి, వేడిగాలి గన్‌తో పీకి కొత్త బోర్డు మీద అతికించాలి. ఆ దాత బోర్డులన్నీ ఇప్పుడు ఎక్కడికి పోతున్నాయో తెలుసా, కిలోల లెక్కన తుక్కు కింద పోతున్నాయి.

ఫ్లాపీల గురించి ఎక్కువ చెప్పను. సోనీ వాళ్లే 2011లో అమ్మకాలు ఆపేశారు. మన వాతావరణానికి ఫంగస్ పట్టి తెల్లటి మచ్చలు వస్తాయి, షట్టర్ పక్కకి జరిపి చూస్తే కంటికే కనబడతాయి, అలాంటిదాన్ని డ్రైవులో పెట్టి పదేపదే చదివిస్తే హెడ్ ఆ పూతని గీకేస్తుంది, ఆ గీకిన చోట డేటాని ఇంక ఎవరూ తేలేరు. యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవు మూడున్నర అంగుళాల మామూలు ఫ్లాపీ చదువుతుందేమో గానీ ఐదుంపావు అంగుళాల పల్చటి ఫ్లాపీకి పనికిరాదు. గ్రీజ్‌వీజల్, క్రయోఫ్లక్స్ లాంటి చిన్న బోర్డులు వచ్చాయి, అవి ఫైళ్ల జోలికి పోకుండా అయస్కాంత సిగ్నల్నే ఉన్నదున్నట్టు కాపీ తీసుకుంటాయి, తర్వాత తీరిగ్గా విప్పుకోవచ్చు, రేటు కూడా పెద్దదేం కాదు.

ఇంత తిట్టాను కదా, అసలు పాత డిస్క్ తిరిగిందంటే మాత్రం అది బంగారం సర్. ఈరోజు ఎస్ఎస్‌డీలో ఫైలు డిలీట్ చేస్తే ట్రిమ్ అని ఒకటి ఉండి కాసేపటికే ఆ చోటు తుడిచిపెట్టేస్తుంది, ఫోన్లో అయితే అంతా ఎన్‌క్రిప్షన్. పాత డిస్కులో అవేం లేవు. డాస్, విండోస్ 98 డిలీట్ చేయడమంటే ఫైలు పేరులో మొదటి అక్షరం కొట్టేసి ఈ5 అనే గుర్తు పెట్టడం, ఆ చోటు ఖాళీ అని పట్టీలో రాయడం, అంతే. దాని మీద ఇంకో ఫైలు వచ్చి కూర్చునే దాకా అసలు సరుకు అక్కడే ఉంటుంది.

ఫాక్స్‌ప్రో అనే పాత డేటాబేస్ సాఫ్ట్‌వేర్ అయితే ఇంకా మజాగా ఉంటుంది. తొంభైల్లో మన దగ్గర రైస్ మిల్లులు, చిట్‌ఫండ్లు, సొసైటీలు, హాస్పిటళ్లు, ఎక్కడ చూసినా ఊళ్లో కంప్యూటర్ కోర్సు చేసిన కుర్రాడు ఫాక్స్‌ప్రోలో రాసిచ్చిన ప్రోగ్రామే. ఆ మధ్య గోదావరి జిల్లాల వైపు నుంచి ఒక మిల్లు అన్నదమ్ముల పిల్లల కేసులో డిస్క్ వచ్చింది, ఇరుపక్షాల లాయర్లూ వచ్చి కూర్చున్నారు. ముందు డీడీరెస్క్యూ అనే ప్రోగ్రామ్‌తో కాపీ తీశాం, అది మంచి చోట్లు ముందు చదివేసి, మొండికేసిన చోట్లు మ్యాప్‌లో రాసుకుని చివర్లో మళ్లీ ప్రయత్నిస్తుంది, పాత డిస్కులకి అలాగే చేయాలి, ముందే పాడైన చోట మొరాయిస్తే మంచి చోటు కూడా పోతుంది. తర్వాత ఆ కాపీలోంచి ఫాక్స్‌ప్రో డేటా ఉండే డీబీఎఫ్ ఫైలు తెరిచాం. ఫాక్స్‌ప్రోలో రికార్డు డిలీట్ కొడితే అది పోదు, ఆ రికార్డు ముందు ఒక నక్షత్రం గుర్తు పడుతుంది అంతే, ప్రోగ్రామ్‌లో అలా పెట్టుకుంటే స్క్రీన్ మీద కనబడదు, ప్యాక్ అనే కమాండ్ కొడితేనే నిజంగా పోతుంది. ఆ మిల్లు గుమాస్తాకి ప్యాక్ సంగతి తెలిసినట్టు లేదు. ఒకే సీజన్ ధాన్యం కొనుగోళ్లలో వరసగా నక్షత్రాలే నక్షత్రాలు, రైతు పేరు, బస్తాలు, రేటు, అన్నీ ఉన్నాయి. ఫైలు మొదట్లోనే చివరగా మార్చిన సంవత్సరం, నెల, రోజు కూడా మూడు బైట్లలో రాసి ఉంటుంది. ఇద్దరు లాయర్లూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అవి తప్పు ఎంట్రీలు దిద్దుకున్నవా, కావాలని తీసేసినవా అనేది నేను చెప్పలేను, నక్షత్రం ఉందని మాత్రమే చెప్పగలను, ఈ తేడా ల్యాబ్ రిపోర్టులు రాసేవాళ్లు కూడా కాస్త గుర్తుపెట్టుకుంటే బాగుంటుంది.

ఒక్క ఫ్లాపీ ఎంత పని చేస్తుందో అమెరికాలో చూశాం. కాన్సాస్ రాష్ట్రం విచిటాలో బీటీకే అనే పేరుతో ముప్పై ఏళ్లు దొరక్కుండా తిరిగిన హంతకుడు 2005 ఫిబ్రవరిలో ఒక టీవీ స్టేషన్‌కి ఫ్లాపీ పంపాడు. అందులో డిలీట్ చేసిన వర్డ్ ఫైలు ఒకటి మిగిలిపోయింది, దాని లోపలి వివరాల్లో ఒక చర్చి పేరు, చివరగా మార్చింది డెన్నిస్ అనీ ఉంది. ఆ చర్చి కౌన్సిల్ ప్రెసిడెంట్ డెన్నిస్ రేడర్. ఆ నెల 25న అరెస్ట్ చేశారు. అదే ఫ్లాపీని గుడ్డలో చుట్టి పదేళ్లు పక్కన పెట్టి ఉంటే ఏమయ్యేదో.

ఇప్పుడు మన తెలుగుకే ప్రత్యేకమైన చిక్కు చెప్తాను, ఇది మీకు బాగా అర్థమవుతుంది, ఎందుకంటే మీ ఆఫీసులో పాత పేజీలు కూడా ఇలాగే ఉండి ఉంటాయి. యూనికోడ్ రాకముందు తెలుగు అంటే అను ఫాంట్లు, శ్రీలిపి, సీడాక్ వాళ్ల ఐఎస్ఎం, పైన పేజ్‌మేకర్. దస్తావేజులు, అగ్రిమెంట్లు, వీలునామాలు, కరపత్రాలు, బెదిరింపు ఉత్తరాలు, అన్నీ డీటీపీ సెంటర్లలో అందులోనే కొట్టారు. ఆ ఫాంట్ తీసేసి చూస్తే లోపల ఉన్నది ఇంగ్లీషు అక్షరాలు, బ్రాకెట్లు, డాలర్ గుర్తులు కలిసిన గజిబిజి. ఇప్పుడు ల్యాబ్‌లో లక్షల రూపాయల సాఫ్ట్‌వేర్ పెట్టి సెర్చ్ డబ్బాలో యూనికోడ్‌లో "వీలునామా" అని కొట్టి ఎంటర్ నొక్కితే ఫలితాలు సున్నా. రిపోర్టులో "సంబంధిత సమాచారం లభించలేదు" అని రాస్తారు. ఉంది సర్, దాని వేషం వేరు. ఆ పదాన్ని అదే ఫాంట్‌లో, అదే కీబోర్డ్ లేఅవుట్‌లో కొట్టి, వచ్చిన గజిబిజిని కాపీ చేసి దాన్ని వెతకాలి. అది కూడా ఒక్కసారి వెతికితే చాలదు, ఈ ఫాంట్లలో తలకట్టు, గుడి, ఒత్తు అన్నీ విడివిడి ముక్కలు కాబట్టి ఒక ఆపరేటర్ ఒత్తు ముందు కొడతాడు, ఇంకొకడు గుణింతం ముందు కొడతాడు, స్క్రీన్ మీద రెండూ ఒకేలా కనబడతాయి, లోపల వరస వేరు. పాత డీటీపీ ఆపరేటర్ని పక్కన కూర్చోబెట్టుకుంటే గంటలో తేలే పని. వాళ్లు ఇంకా ఉన్నారు, పెళ్లి కార్డులు కొట్టుకుంటున్నారు, ఏ ల్యాబ్ వాళ్లని పిలిచినట్టు నేను వినలేదు. పైగా కొన్ని సాఫ్ట్‌వేర్లకి ప్రింటర్ పోర్టుకి తగిలించే డాంగిల్ అనే లైసెన్సు ముక్క ఉంటేనే ఫైలు తెరుచుకుంటుంది, సీపీయూ సీజ్ చేసేటప్పుడు వెనకాల ఉన్న ఆ వేలెడు ముక్కని అక్కడే వదిలేసి వస్తారు.

సమయానికి కదిలితే ఎలా ఉంటుందో సత్యం కేసులో చూశాం కదా. 2009 జనవరి 7న రామలింగరాజు ఉత్తరం బయటపడింది, సర్వర్లు అప్పటికి నడుస్తూనే ఉన్నాయి, వాటి సంగతి తెలిసిన స్టాఫ్ సీట్లలోనే ఉన్నారు, మామూలు స్టాఫ్‌కి కనబడకుండా దాచిన 7,561 నకిలీ ఇన్వాయిస్‌లు సిస్టమ్‌లోంచే బయటికి తీశారు, 2015 ఏప్రిల్‌లో ప్రత్యేక కోర్టు శిక్ష వేసింది. అది దేశమంతా చూసిన కేసు, సీబీఐ ఉంది, మనుషులున్నారు. అదే ఒక చిన్న కోఆపరేటివ్ బ్యాంకు మూతపడిందనుకోండి, మెషిన్లు సీజ్ అవుతాయి, ప్రోగ్రామ్ రాసిన కుర్రాడు అమెరికా పోతాడు, పాస్‌వర్డ్ తెలిసిన మేనేజర్ కాలం చేస్తాడు, డిపాజిటర్లు ధర్నాలు చేసి చేసి ముసలివాళ్లయిపోతారు.

చట్టం వైపు చూస్తే అదో ముడి. పాత సాక్ష్య చట్టంలోని 65బీ సెక్షన్ సర్టిఫికెట్ లేకుండా ఎలక్ట్రానిక్ రికార్డు కాపీ చెల్లదని 2014లో అన్వర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, 2018లో కాస్త సడలించింది, మళ్లీ 2020 జులై 14న అర్జున్ పండిత్‌రావ్ కేసులో సర్టిఫికెట్ ఉండాల్సిందే అంది, అసలు డివైస్‌నే ఓనరు బోనెక్కి చూపిస్తే అక్కర్లేదంది, ఎంత అడిగినా సంబంధిత మనిషి ఇవ్వకపోతే కోర్టు ద్వారా తెప్పించుకోవచ్చంది. ఇప్పుడు 2024 జులై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 63వ సెక్షన్, అందులో పార్ట్ ఏ, పార్ట్ బీ, ఒకటి మెషిన్ చూసుకునే మనిషి సంతకం, రెండోది ఎక్స్‌పర్ట్ సంతకం, హ్యాష్ వాల్యూ కూడా రాయాలి. హ్యాష్ అంటే ఆ ఫైలు వేలిముద్ర అనుకోండి, లోపల ఒక్క అక్షరం మారినా మారిపోతుంది. కొత్త కేసులకి ఇదంతా బాగుంది, నేను కాదనను. కానీ 2001లో ఆ కంప్యూటర్ సరిగ్గా పని చేస్తుండేది, రోజువారీ పనిలో వాడుతుండేవాళ్లం అని ఇప్పుడు సంతకం పెట్టే మనిషిని ఎక్కడ తేవాలి, కంపెనీయే లేదు. సీజ్ రోజు హ్యాష్ తీయలేదు కాబట్టి ఇవాళ తీసిన హ్యాష్ ఇవాళ్టి నుంచే కాపలా కాస్తుంది, మధ్యలో మాల్‌ఖానాలో గడిచిన ఏళ్లకి ఏ గ్యారంటీ ఇవ్వదు. ఇంకో తమాషా, ఆ ఫారంలో హ్యాష్ కట్టే పాత పద్ధతులు ఎండీ5, షా-1 కూడా టిక్ పెట్టుకోవచ్చు, షా-1ని 2017లోనే గూగుల్ వాళ్లు, డచ్చి పరిశోధకులు కలిసి రెండు వేరే ఫైళ్లకి ఒకే హ్యాష్ వచ్చేలా చేసి చూపించారు, షా-256 ఒక్కటే పెట్టమంటే పోయేదేముంది.

ఇదంతా పోలీసుల కోసమే అనుకుంటే పొరపాటు. బ్రిటన్ పోస్టాఫీసుల గొడవలో హొరైజన్ సాఫ్ట్‌వేర్ తప్పుడు లెక్కలు చూపించి వందలాది మంది సబ్ పోస్ట్‌మాస్టర్లు దొంగలైపోయారు, అది అందరికీ తెలిసిందే. దానికన్నా ముందు 1992 నుంచి 1999 దాకా క్యాప్చర్ అని ఇంకోటి నడిచింది, మామూలు పీసీలో ఎక్కించుకునేది. అది కూడా లెక్కల్లో తేడాలు తెచ్చి ఉండొచ్చని క్రోల్ అనే సంస్థ 2024లో రిపోర్టిచ్చింది. అంటే నిర్దోషినని నిరూపించుకోవాలంటే పాతికేళ్ల నాటి సాఫ్ట్‌వేర్ మళ్లీ నడిపి చూపించాల్సిన పరిస్థితి. మన సొసైటీ సెక్రటరీల్లో, గుమాస్తాల్లో ఎంతమంది లెక్క తేడా వచ్చిందని సస్పెండ్ అయ్యారో, వాళ్ల ప్రోగ్రామ్‌లో తప్పుందేమో చూసిన నాథుడు ఎవరు? కాపీ ఉంటే కొత్త కంప్యూటర్ లోపలే పాత కంప్యూటర్‌లా నడిచే వర్చువల్ మెషిన్‌లో, డాస్‌బాక్స్‌లో పెట్టి అదే ప్రోగ్రామ్ అదే ఎంట్రీలతో నడిపి చూపించొచ్చు, అసలు డిస్క్ ముట్టుకోవాల్సిన పని కూడా ఉండదు.

కాబట్టి మీరు రాస్తే వినేవాళ్లు ఉంటారని కొన్ని అడుగుతున్నాను. డిస్క్ సీజ్ చేసిన వారంలోపు, డిస్క్ మీద ఏమీ రాయనివ్వని రైట్ బ్లాకర్ పెట్టి కాపీ తీసి హ్యాష్ రాసి, ఒక కాపీ కోర్టుకి, ఒకటి ముద్దాయికి ఇచ్చేలా రెండు రాష్ట్రాల డీజీపీలు సర్క్యులర్ ఇవ్వాలి, ల్యాబ్‌లో వరస వచ్చే దాకా ఆగక్కర్లేదు, కాపీ తీయడం వేరు, పరిశీలించడం వేరు. ఇప్పటికే మాల్‌ఖానాల్లో ఉన్నవాటికి ఒక లెక్క తీయాలి, కేసు ముగిసినవి పక్కన పెట్టి నడుస్తున్న కేసుల డిస్కులు ముందు కాపీ తీయాలి, ఆ కాపీల్ని కూడా సీడీల్లో కొట్టి చార్జిషీటుకి స్టేపుల్ చేసి వదిలేయకుండా కొన్నేళ్లకోసారి కొత్త డిస్కుల్లోకి మార్చాలి. చార్జిషీటు సీడీ మీద స్కెచ్ పెన్నుతో కేసు నంబరు రాసి, స్టేప్లర్ పిన్ను సీడీ అంచుకి తగిలి పెచ్చులూడినవి నేనే చూశాను. గుడ్డ సంచులు మానేసి యాంటీస్టాటిక్ కవరు, అందులో రెండు సిలికా జెల్ పొట్లాలు, ఖర్చు పాతిక రూపాయలు దాటదు.

ఇంకోటి, ఎఫ్ఎస్ఎల్‌లలో ఒక గది పాత మెషిన్లకి ఇవ్వాలి. పని చేసే పెంటియం మెషిన్లు, ఐడీఈ, స్కజీ కార్డులు, ఐదుంపావు ఫ్లాపీ డ్రైవు, రెండు మూడు రకాల టేపు డ్రైవులు, అను, ఐఎస్ఎం, ఫాక్స్‌ప్రో ఎక్కించిన సిస్టమ్‌లు. కొనాల్సిన పని కూడా లేదు, 1998లో కార్డ్ ప్రాజెక్ట్ కింద రిజిస్ట్రేషన్ ఆఫీసులకి కంప్యూటర్లు వచ్చిన దగ్గర్నుంచి గవర్నమెంట్ ఆఫీసుల్లో ఎన్ని తరాల మెషిన్లు స్టోర్ రూముల్లో పడ్డాయో, వేలం వేసేముందు ఒక్కో మోడల్ రెండేసి ల్యాబ్‌కి పంపిస్తే సరిపోతుంది. వేలం అయ్యాక మాత్రం దొరకవు, తుక్కు కొనేవాడు మొదట పగలగొట్టేది హార్డ్ డిస్కే.

మీ పాఠకుల్లో ఎవరింట్లోనైనా కోర్టు కేసుకి సంబంధించిన పాత సీపీయూ ఉంటే దయచేసి ఆన్ చేసి చూడొద్దు, ఇంట్లో పిల్లాడు ఇంజినీరింగ్ చదివినా సరే. కేబుళ్లు, డాంగిల్, సాఫ్ట్‌వేర్ సీడీలు, మాన్యువల్ పుస్తకాలు, పాస్‌వర్డ్ రాసుకున్న డైరీ, అన్నీ కలిపి ఒక అట్టపెట్టెలో పొడిగా ఉండే చోట పెట్టి ముందు మీ లాయరుతో మాట్లాడండి. సీటీసీలో మా దగ్గరికి ముందే తేవద్దు, మేం విప్పామంటే రేపు కోర్టులో అదే మీకు అడ్డం తిరుగుతుంది.

ఇట్లు,
ఒక పాత హార్డ్‌వేర్ మెకానిక్,
సికింద్రాబాద్